‘స్థలం’ అనే గడి

యర్రమిల్లి సూర్యప్రకాశం ఇంట్లో ఆవకాయ జాడీకి కూడా చీటీ ఉంటుంది. ఏ కాయ, ఏ నెల, ఎవరు కలిపారు, ఎవరు రుచి చూశారు, అన్నీ రాసి జాడీ మెడకి దారంతో కడతాడు. రాజవరపుపేట ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మాస్టారు కాబట్టి మొక్కలకి చీటీలు కట్టడం అతని ఉద్యోగం. ఆవకాయకి కట్టడం మాత్రం జబ్బు. ఈ నిర్ధారణ చేసింది అతని భార్య వింధ్యావళి. ఆ చీటీని ఆవిడ ఏనాడూ చదవలేదు, మూత తీసి వాసన చూస్తే తెలియదా అంటుంది.

కిందటి వేసవిలో అతన్ని శిక్షణకి పంపించారు. ‘ఆన్‌లైన్ బోధనలో రికార్డుల సక్రమ నిర్వహణ’ అని దాని పేరు. చల్లటి గదిలో, కోటు వేసుకున్న ఒక శిక్షకుడు ఆఖరి రోజున బల్ల గుద్ది మరీ చెప్పాడు: "రికార్డులో లేనిది లోకంలో జరగనట్టే!" మిగతా లెక్చరర్లందరూ భోజనాల గది వైపు చూస్తున్నారు. ప్రకాశానికి మాత్రం ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళుగా ఇంట్లో నవ్వులపాలైన తన చీటీలకి ఇవాళ ఒక సిద్ధాంతం దొరికింది. సర్టిఫికెట్టూ, జిప్పు పడని సంచీ పుచ్చుకుని ఊరికొచ్చి, కంప్యూటర్‌లో రంగురంగుల ఫోల్డర్లు చేసి భార్యని పిలిచి చూపించాడు.

"బావుందండీ. ఇందులో నన్నెక్కడ పెట్టారు?" అని అడిగిందావిడ.

"నువ్వు ‘ఇతరములు’లో ఉన్నావు" అన్నాడు ప్రకాశం, ఉన్నమాటే కదా అని. ఆ పూట చారులో ఉప్పు లేదు.

ఇంతకీ ఆన్‌లైన్ కోర్సు పెట్టాలన్న ఆలోచన మంచిదే. మంచిది కాకపోతే ఇంత గొడవ అయ్యేది కాదు. కాలేజీ పిల్లల్లో కొందరిది గోదావరి మధ్యనున్న కొత్తరేవులంక. మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ ఏరు దాటించే పంటు ఒక్కటే వాళ్ళకి దారి. శ్రావణంలో వరదొస్తే పంటు ఆపేస్తారు. ఏటా ఆ రోజుల్లో లంక పిల్లల పాఠాలు గోదాట్లో కలిసిపోతాయి. ఈసారి అలా కాకూడదని ప్రకాశం వరద రోజులకి ఆన్‌లైన్‌లో క్లాసు పెట్టాడు. లంకలో తుఫాను షెల్టర్ మేడ మీద తప్ప ఎక్కడా సిగ్నల్ రాదు. పిల్లలు ఆ మేడెక్కి, ఒక ఫోను చుట్టూ నలుగురైదుగురు చేరి వినేవారు.

మొదటి వారం ప్రకాశం జీవితంలో గొప్ప వారం. ఫైనలియర్ చదివే మల్లాడి సత్యవేణి ఒకరోజు ఫోను తిప్పి, నీట మునిగిన అరటితోట చూపించింది.

"మాస్టారండీ, ఈ అరటి రెండ్రోజులు నీళ్ళల్లో ఉంటే కుళ్ళిపోద్దండి. పక్కనే ఆ రెల్లు చూడండి, నెల్లాళ్ళు మునిగినా ఏమవ్వదండి. దానికేటండి అంత పొగరు?"

ప్రకాశం కుర్చీలో ముందుకి జరిగాడు. పాతికేళ్ళ నుంచి పాఠం చెబుతున్నాడు గానీ, పాఠమే ఎదురొచ్చి ప్రశ్న అడగడం అతనికి ఇదే మొదలు. "పొగరు కాదమ్మా, గాలి! దాని ఒంట్లో గాలి దాచుకోడానికి దారులున్నాయి. రేపు ఒక కాడ అడ్డంగా కోసి ఫోను దగ్గరగా పెట్టు, చెబుతాను" అన్నాడు.

ఆ రేపు చాలా ఆలస్యంగా వచ్చింది.

ఎందుకంటే ఆ సాయంత్రమే ప్రకాశం కోర్సుకి హాజరు పట్టిక తయారుచేశాడు. పేరు, తేదీ, సమయం, పాఠం అని గడులు గీశాక కుడి పక్కన కాస్త ఖాళీ మిగిలింది. ఖాళీ కనిపిస్తే అతనికి ఊపిరాడదు. ఏం రాద్దామా అని ఆలోచించి, ‘స్థలం’ అని రాసి గీత గీశాడు. చూడ్డానికి నిండుగా ఉంది. దాని కింద వరసగా ‘తుఫాను షెల్టర్ మేడ, కొత్తరేవులంక’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి, తన పనికి తనే మురిసిపోయి ప్రిన్సిపాల్ గారికి పంపించాడు. ఎవరూ అడగలేదు.

ప్రిన్సిపాల్ డాక్టర్ త్రిమూర్తులు గారికి అప్పుడు అలాంటి కాగితం అవసరం చాలా ఉంది. కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి పరిశీలక బృందం రాబోతోంది. ‘ఉత్తమ ఆచరణ’ అనే శీర్షిక కింద చూపించడానికి, గేటు దగ్గర పోయినేడాది నాటి, ఆ వారంలోనే మేకలు తినేసిన మొక్కల ఫోటోలు తప్ప ఆయన దగ్గర ఏమీ లేవు. పట్టిక చూసి ఆయన లేచి నిలబడ్డారు.

"ప్రకాశం గారూ, మీరు మన సంస్థకి ఒక ఆస్తి! ఈ క్షణం నుంచీ మిమ్మల్ని డిజిటల్ రికార్డుల నోడల్ అధికారిగా నియమిస్తున్నాను" అన్నారు. ప్రకాశం గుమ్మం దాటేటప్పుడు తల కొంచెం వంచాడు. గుమ్మం ఎత్తుగానే ఉంది, అతనికే పొడుగు పెరిగినట్టు అనిపించింది.

పట్టిక పై ఆఫీసుకి వెళ్ళింది. పై నుంచి ఆక్షేపణతో తిరిగొచ్చింది. ‘స్థలం అను గడియందు కళాశాల పేరు కానరానందున, సదరు తరగతులు కళాశాల యందు జరిగినట్లు భావించుటకు వీలుపడదు. కావున ప్రతి తరగతికీ అక్షాంశ రేఖాంశములతో కూడిన ఫోటో జతపరచవలెను. సదరు రేఖాంశములు కళాశాలవై ఉండవలెను.’

ప్రకాశం చదివి నవ్వాడు. త్రిమూర్తులు గారు నవ్వలేదు.

"ఇందులో ఇబ్బందేముందండీ? పిల్లల్ని కాలేజీకి వచ్చి ఆన్‌లైన్‌లో హాజరవమనండి."

"వాళ్ళు రాలేకపోతున్నారనే కదండీ ఆన్‌లైన్ పెట్టాం!"

"మీరు భావోద్వేగాలతో మాట్లాడుతున్నారు. బోధన అనేది ఆన్‌లైను. హాజరు అనేది ఆఫ్‌లైను. అవి రెండు వేర్వేరు అంశాలు. వాటిని కలగాపులగం చెయ్యకండి. పైగా, ఆ గడి పెట్టమని మిమ్మల్నెవరడిగారు?"

అలా అడిగిన కాగితం కోసం ప్రకాశం ఆ రాత్రి రంగురంగుల ఫోల్డర్లన్నీ వెతికాడు.

వరద కాస్త తీసింది, పంటు తిరగడం మొదలైంది. లంక పిల్లలు ఏరు దాటి, ఆటో ఎక్కి, కాలేజీకి వచ్చి, ఆన్‌లైన్ క్లాసుకి హాజరవసాగారు. ప్రకాశం లేబొరేటరీలో ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. పిల్లలు గోడకి అవతలి గదిలో ఫోన్లు పట్టుకుని కూర్చునేవారు. అతను ఆ గదిలో అడుగు పెడితే క్లాసు ఆఫ్‌లైన్ అయిపోతుంది కాబట్టి పెట్టకూడదని ప్రిన్సిపాల్ గారు రాతపూర్వకంగా ఆదేశించారు. అతని గొంతు ముందు గోడలోంచి వినబడేది, తర్వాత ఫోన్లలోంచి వినబడేది. అతను తుమ్మితే పిల్లలు రెండుసార్లు "చిరంజీవ" అనేవారు.

సత్యవేణి రెల్లు కాడ కోసి తెచ్చి లేబొరేటరీ గుమ్మంలో నిలబడింది. "మాస్టారండీ, తెమ్మన్నారు కదండీ."

ప్రకాశం కంగారుగా చెయ్యి అడ్డం పెట్టాడు. "లోపలికి రాకమ్మా! నీ గదిలోకెళ్ళి ఫోనుకి చూపించు."

"ఇక్కడే ఉన్నాను కదండీ, చేతికిచ్చేత్తానండి."

"చేతికిస్తే రికార్డు చెడిపోతుంది తల్లీ."

ఆ పిల్ల కాడ వైపు చూసింది, మాస్టారి వైపు చూసింది, ఆయ్ అని వెళ్ళిపోయింది. ఫోనులో ఆ కాడ ఒక పచ్చటి మసకలా కనబడింది. రేపు చెబుతానన్నాడు ప్రకాశం, ఎందుకంటే అప్పటికి ఫోటోల వేళయింది.

ఫోటోలంటే మాటలు కాదు. పిల్లలు గోడకి కట్టిన ఫ్లెక్సీ ముందు నిలబడి ఒకటి దిగాలి, ఫోన్లు పట్టుకుని ఒకటి దిగాలి, హాజరు కాగితం మీద సిరాతో సంతకం పెడుతూ ఒకటి దిగాలి. ఈ రికార్డులన్నీ సక్రమంగా రాస్తున్నట్టు ఇంకొక రికార్డు ఉంటే బావుంటుందని ప్రిన్సిపాల్ గారికి తట్టింది. అది రాస్తున్న ప్రకాశాన్ని ఫోటో తీసి అందులో అతికించడం బావుంటుందని ప్రకాశానికే తట్టింది. నోడల్ అధికారి కాబట్టి అలా తడుతూ ఉంటాయి. క్లాసు మొదలయ్యేసరికి గంట కొట్టేసేవారు. ఇలా కొన్నాళ్ళు గడిచాక ఫోల్డర్లు నిండుకుండల్లా తయారయ్యాయి గానీ, పాఠం మాత్రం రెల్లు దగ్గరే ఆగిపోయింది.

"ఈ వారం ఏం చెప్పారండీ పిల్లలకి?" అని అడిగింది వింధ్యావళి అన్నం వడ్డిస్తూ.

ప్రకాశం చాలాసేపు ఆలోచించాడు. "కుడిపక్కకి జరగమని చెప్పాను" అన్నాడు.

పరిశీలక బృందం వచ్చే తేదీ ఖాయమైంది. ఆ రోజు లంక పిల్లలే ప్రదర్శన కాబట్టి, రాని వాళ్ళకి హాల్‌టికెట్ ఆపేస్తామని నోటీసు పెట్టమన్నారు త్రిమూర్తులు గారు. "మీ తెలుగైతే గంభీరంగా ఉంటుంది, మీరే రాయండి" అన్నారు. ప్రకాశం పొగడ్తకి లొంగిపోయాడు. ‘సదరు దినమున గైర్హాజరగు వారి హాల్‌టికెట్లు నిలిపివేయబడును’ అని రాశాడు. రాసింది రెండుసార్లు చదువుకుని, ‘సదరు’ బాగా కుదిరిందనుకున్నాడు.

ఆ తేదీకి ముందురోజు గోదావరికి మళ్ళీ వరదొచ్చింది. తెల్లారేసరికి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. పంటు కట్టేశారు. పొద్దున్నే ప్రకాశం పట్టికల మీద స్కేలు పెట్టి గీతలు గీస్తుంటే సత్యవేణి ఫోను చేసింది. వెనకాల నీళ్ళ హోరు వినబడుతోంది.

"మాస్టారండీ, పంటు లేదండి. నాన్న మా పడవ ఇప్పుతున్నాడండి. మేమందరం వచ్చేత్తామండి. కాస్త ఆలీసమైనా గేటు దగ్గర ఆపొద్దని చెప్పండి."

ప్రకాశం చేతిలోంచి స్కేలు జారిపోయింది. "ఎక్కొద్దు! ఎవరూ పడవెక్కొద్దు! మీ నాన్నకి ఫోనియ్యి!"

ఫోను చేతులు మారింది. సత్యవేణి తండ్రి కామరాజు చేపల వేట మీద బతికే మనిషి. గొంతులో తొందర తప్ప భయం లేదు. "ఏటండి బాబూ, గోదారి మాకు కొత్తా? అడ్డంగా కోసేసి అవతల పడేత్తానండి పిల్లల్ని."

"కామరాజు గారూ, దయచేసి పడవ కట్టెయ్యండి. చెట్లకి చెట్లే కొట్టుకొస్తున్నాయి!"

"మరి టిక్కెట్టు ఆపేత్తారంట కదండీ? నోటీసు మా పిల్ల ఫోనులో చదివి వినిపించిందండి. ఇంటుంటేనే గుండెలదిరిపోయేయండి. రాసినోడు మా గట్టోడండి బాబూ."

"రాసినవాణ్ణి నేనే" అన్నాడు ప్రకాశం.

కామరాజు గొంతు తగ్గించాడు.

"రాసినోరే వద్దంటే ఎలాగండి? మరి ఆజరో?"

"నేను వేస్తాను."

"ఎలా ఏత్తారండి?"

ఎలాగో ప్రకాశానికీ తెలియదు. "పిల్లల్ని షెల్టర్ మేడ ఎక్కించండి. బృందం వచ్చే పదకొండింటికి ఫోనులో కనబడితే చాలు. నా మాట నమ్మండి" అన్నాడు. ఇన్నాళ్ళూ కాగితం తప్ప మాట నమ్మని మనిషి నోట్లోంచి ఆ వాక్యం రావడం అతనికే వింతగా వినబడింది. ఫోను పెట్టేశాడు. ఒక మొక్కకి చీటీ కట్టబోయి పిల్లల మెళ్ళో రాయి కట్టాను కదా అని తనని తాను తిట్టుకున్నాడు. తిట్లు ఏ వరసలోనూ లేవు.

కాలేజీకి వెళ్ళేసరికి త్రిమూర్తులు గారు వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నారు. రోడ్డు మీద కాజ్‌వే మునిగి, పరిశీలక బృందం కూడా జిల్లా కేంద్రంలోనే చిక్కుకుపోయింది. అయినా వాయిదా వెయ్యకుండా, దిగిన అతిథి గృహం నుంచే ఆన్‌లైన్‌లో పరిశీలిస్తామని కబురు పంపారు.

సెమినార్ హాల్లో గోడమీద పెద్ద తెర వెలిగింది. బృందం అధ్యక్షులు ఆచార్య సర్వోత్తమరావు గారూ, ఆయనకి చెరోపక్క ఇద్దరు సభ్యులూ తెర మీద ప్రత్యక్షమయ్యారు. వెనకాల మంచం కనబడుతోంది. ఎవరో ఇడ్లీ ప్లేటు తీస్తున్నారు. మర్యాదలో లోటు రాకూడదని త్రిమూర్తులు గారు పూలదండ తెరకి వేయించి, శాలువా తీసుకుని స్వయంగా కంప్యూటర్‌కి కప్పారు.

"నాకేమీ కనబడటం లేదే! కరెంటు పోయిందా?" అన్నారు అధ్యక్షులు.

"కెమెరా మీద పడిందండీ" అని ప్రకాశం వెళ్ళి శాలువా పక్కకి తీశాడు.

అధ్యక్షులు గొంతు సవరించుకున్నారు. "మీ ఉత్తమ ఆచరణను మేము ప్రత్యక్షముగా వీక్షించగోరుచున్నాము."

ప్రకాశం లంక పిల్లల్ని కలిపాడు. తెరలో సగం మీద షెల్టర్ మేడ, పిల్లలు, వాళ్ళ వెనక ఎర్రటి గోదావరి. కనుచూపు మేర నీళ్ళే. సత్యవేణి తల మీద తువ్వాలు కప్పుకుని, చేతిలో ఏదో పట్టుకుని ముందు కూర్చుంది. ప్రకాశం మనసులో తలలు లెక్కపెట్టుకున్నాడు. అందరూ ఉన్నారు. అతని ప్రాణం లేచొచ్చింది.

హాల్లో బెంచీలన్నీ ఖాళీ. త్రిమూర్తులు గారి మొహాన చెమట పట్టింది.

"విద్యార్థులు ప్రాంగణమున లేరే?" అన్నారు అధ్యక్షులు.

"వరదండీ. పంటు లేదండీ" అన్నాడు ప్రకాశం.

"వరద అనునది మా నమూనాలో లేదు. స్థలం అను గడి మీరే పెట్టితిరి. ప్రాంగణమున లేనివారిని గైర్హాజరుగా నమోదు చేయుడు."

త్రిమూర్తులు గారు తల పెద్దగా ఊపి, "వెయ్యండి, వెయ్యండి" అన్నారు ప్రకాశంతో. తెర మీద సత్యవేణి మొహం ఒక్కసారిగా చిన్నబోయింది. అంతా వింటోంది మరి.

ప్రకాశం కలం తీశాడు. ముందు పరిశీలకుల హాజరు రాయాలి, ఆ వరస తప్పకూడదని నిబంధన. ఆ నిబంధనా అతనే పెట్టాడు. అలవాటుగా పేరు రాశాడు, సమయం రాశాడు. ఆఖరి గడి దగ్గర కలం ఆగిపోయింది. అతను దాని వంక కాసేపు చూసి, తల ఎత్తాడు.

"అయ్యా, తమరి స్థలం?"

"అర్థం కాలేదు."

"తమరిప్పుడు ఎక్కడున్నట్టు రాయమంటారండీ?"

"ఎక్కడనేమి? అతిథి గృహమున ఉన్నాము!"

"అది మా ప్రాంగణం కాదండీ. ఇప్పుడు తమరు సెలవిచ్చిన ప్రకారం తమర్ని కూడా గైర్హాజరు వెయ్యాలండి. ముగ్గుర్నీనండి" అన్నాడు ప్రకాశం. తను చేస్తున్నది ధైర్యమో, ఆవకాయ జాడీ నాటి జబ్బో అతనికే తెలియలేదు. "తమరు రానట్టయితే పరిశీలన జరగనట్టేనండి. రికార్డులో లేనిది లోకంలో జరగనట్టేనని మాకు శిక్షణలో చెప్పారండి."

త్రిమూర్తులు గారు కుర్చీలో కూర్చోబోయి, కుర్చీ ఎక్కడుందో చూసుకుని కూర్చున్నారు.

తెర మీద అధ్యక్షులు మైకు ఆపేశారు. మూడు తలలు దగ్గరికి చేరాయి. పెదవులు చాలాసేపు కదిలాయి. ఒక సభ్యుడు ఏదో పుస్తకం తిప్పాడు, ఇంకొకాయన వేలెత్తి గోడగడియారం చూపించాడు. చివరికి మైకు తెరుచుకుంది.

"నోడల్ అధికారీ, రాసుకొనుడు. ‘అసాధారణ పరిస్థితుల దృష్ట్యా, తెరపై దర్శనమిచ్చు వ్యక్తి, భౌతికముగా ఎచ్చట నున్నప్పటికీ, కళాశాల ప్రాంగణమున హాజరైనట్లే భావించవలెను.’"

ప్రకాశం అక్షరం పొల్లుపోకుండా రాసి, పైకి చదివి వినిపించాడు. "అయ్యా, వ్యక్తి అంటే విద్యార్థి కూడానా అండీ?"

"విద్యార్థి మాత్రము వ్యక్తి కాడటయ్యా!" అని కసురుకున్నారు అధ్యక్షులు.

"చిత్తం. ఆ మాట కూడా రాసుకుంటానండి."

రాసుకున్నాడు. తర్వాత ఒక్కొక్క పేరు పైకి చదువుతూ, షెల్టర్ మేడ మీదున్న అందరికీ హాజరు వేశాడు. మల్లాడి సత్యవేణి అన్నప్పుడు ఆ పిల్ల లేచి నిలబడి, "ఉన్నానండి!" అని గోదారి అవతలికి వినబడేట్టు అరిచింది. పక్కనెక్కడో కామరాజు గొంతు, "ఏసేరా? ఏసేరేటే?" అంటోంది. స్థలం గడిలో ప్రకాశం ‘కళాశాల’ అని రాశాడు. చేతిరాత ముత్యాల్లా మాత్రం రాలేదు.

బృందం వాళ్ళు భోజనానికి వెళుతూ, ఇంతటి పకడ్బందీ రికార్డులు తామెన్నడూ చూడలేదని మెచ్చుకున్నారు. మంచి గ్రేడు వస్తుందని సూచన కూడా చేశారు. త్రిమూర్తులు గారు దండ తీసి తన మెళ్ళో వేసుకోవాలో ప్రకాశం మెళ్ళో వెయ్యాలో తేల్చుకోలేక, చేత్తో పట్టుకునే ఆఫీసు గదిలోకి వెళ్ళారు. ఆ సాయంత్రమే ఆయనకి ఆ నిబంధన ఎంతో నచ్చేసింది. మర్నాటి నుంచి ఆయన ఇంట్లోంచే తెర మీద దర్శనమిస్తూ కాలేజీకి హాజరవుతున్నారు.

హాల్లో ప్రకాశం ఒక్కడే మిగిలాడు. తెర తీసెయ్యబోతుంటే పిల్లలింకా అక్కడే ఉన్నారు.

"మాస్టారండీ, మీ పనంతా అయిపోయినట్టేనాండి?" అంది సత్యవేణి. చేతిలో ఉన్నది పైకెత్తింది. రెల్లు కాడ, అడ్డంగా కోసింది. "మరి ఇది చెప్తానన్నారండి. అప్పట్నించీ రేపు రేపంటున్నారండి."

ప్రకాశం కుర్చీ లాక్కుని తెరకి దగ్గరగా కూర్చున్నాడు. చెయ్యి దానంతటది జేబులో ఫోను కోసం వెళ్ళింది, క్లాసుకి ముందు ఫోటో తియ్యాలి కదా. ఫోను పైకి తీశాడు, దాని వంక చూశాడు, బల్ల మీద బోర్లా పెట్టాడు.

"దగ్గరగా పెట్టమ్మా. ఇంకాస్త. ఆ... ఆ చిన్న చిన్న కన్నాలు కనబడుతున్నాయా? అవే. నెత్తిమీద ఎంత నీరున్నా, అది ఊపిరి పీల్చుకునే దారులు అవే."

వాన మళ్ళీ అందుకుంది. మేడ మీద పిల్లలు ఒకే టార్పాలిన్ పరదా కిందకి చేరి, ఫోను తడవకుండా పట్టుకుని విన్నారు. గంట ఎప్పుడు కొట్టారో ఎవరూ గమనించలేదు.

వార్షిక పరీక్షలో సత్యవేణి రెల్లు గురించి పేజీన్నర రాసింది, బొమ్మతో సహా. అది ఏ తరగతిలో నేర్చుకుందో ఎవరైనా అడిగితే చూపించడానికి ప్రకాశం దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు. రికార్డుల ప్రకారం ఆ క్లాసు ఇప్పటికీ జరగలేదు.